దశ మారిన సంగతి ఏ రోజున తెలిసింది?

ప్రశ్న: మాది పలమనేరు. నాన్న టమాటా మండీలో కమీషన్ వ్యాపారం చేస్తారు. నేను తిరుపతిలో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ రెండో ఏడాదిలో ఉన్నాను. ప్రాజెక్టు కోసం నాన్న చిట్టా పుస్తకాల్లోని ఆరేళ్ళ ధరలను రోజువారీగా కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మార్కెట్ లేని రోజులకు ముందురోజు ధరే వేశాను. మామూలు ఆటోరిగ్రెషన్ (గడిచిన రోజుల విలువలతో ఇవాళ్టిది అంచనా వేసే పద్ధతి) పనిచేయలేదు. నెలల తరబడి నిద్రపోయే ధర ఒక్కసారిగా లేచి గంతులు వేస్తుంది. అందుకని రోజువారీ శాతం మార్పులకు దశలు మారే మార్కోవ్ మోడల్ అమర్చాను. మార్కెట్ కంటికి కనిపించని కొన్ని దశల మధ్య మారుతుందని, రేపటి దశ ఇవాళ్టి దశ మీదే ఆధారపడుతుందని అది అనుకుంటుంది. రెండు దశలతో గ్రాఫు ముచ్చటగా వచ్చింది. ధర ఎగిసిన ప్రతిచోటా ‘అధిక ధర దశ’ సంభావ్యత ఒకటికి చేరింది. నాలుగు దశలు పెడితే లైక్లీహుడ్ (మోడల్ లెక్కలకు ఎంత బాగా సరిపోయిందో చెప్పే కొలత) ఇంకా పెరిగింది గానీ, ఒక దశకు విస్తృతి (మార్పులు ఎంత చెదిరి ఉన్నాయన్న కొలత) దాదాపు సున్నా అని చూపిస్తోంది. ఎన్ని దశలో తేల్చుకుని రమ్మని మా గైడు అన్నారు. నాన్నకు గ్రాఫు చూపిస్తే, “జరిగింది నాకూ తెలుసమ్మా, ఇవాళ ఏ దశలో ఉన్నామో చెప్పు” అన్నారు. చెప్పలేకపోయాను. ఆరు నెలల పని వృథా అయినట్టేనా?
— ఒక విద్యార్థిని, పలమనేరు

సమాధానం: అమ్మా, వృథా కాలేదు. అయితే మీ గైడు అడిగినదాని కంటే మీ నాన్నగారు అడిగిందే గట్టి ప్రశ్న. దానికి జవాబు దొరికితే గైడు ప్రశ్న సగం తేలిపోతుంది. అంతకు ముందు అడ్డంగా ఉన్న రెండు ముళ్ళు తీసేద్దాం.

మొదటి ముల్లు ఆ నాలుగో దశ. మార్కెట్ లేని రోజులకు ముందురోజు ధరే వేశానని మీరే రాశారు. అంటే ఆ రోజుల్లో శాతం మార్పు సరిగ్గా సున్నా. ఆరేళ్ళలో అలాంటి సున్నాలు ఎన్ని పోగయి ఉంటాయో లెక్క వేసుకోండి. ప్రతి దశలోని మార్పులకూ మోడల్ ఒక గంట ఆకారపు వక్రం అమరుస్తుంది. ఆ వక్రం ఎంత సన్నబడితే దాని శిఖరం అంత పైకి లేస్తుంది. ఒకే బిందువు మీద బోలెడు పరిశీలనలు కూర్చుని ఉంటే, ఆ వక్రం సన్నబడుతూ పోవడానికి అడ్డేమీ ఉండదు, లైక్లీహుడ్‌కు పైకప్పూ ఉండదు. మీ కంప్యూటర్ కనిపెట్టిన నాలుగో దశ పేరు ‘మార్కెట్ సెలవు’. పండగకు తాళం వేసిన గేటును అది టమాటా స్వభావం అనుకుంది. ఆ వరుసలు తీసేసి, వేలం జరిగిన రోజులనే ఒకదాని వెనుక ఒకటి పేర్చండి. చిట్టాలో ఖాళీగా ఉన్నది మీ పట్టికలోనూ ఖాళీగానే ఉండాలి.

రెండో ముల్లు మీరు పెట్టిన పేరు. మోడల్‌కు మీరు ఇచ్చింది ధర కాదు, ధరలో మార్పు. కాబట్టి అది విడదీసింది ఎక్కువ ధర రోజులనూ తక్కువ ధర రోజులనూ కాదు, నిమ్మళంగా ఉన్న రోజులనూ కుదుపులున్న రోజులనూ. మీ ఫలితాల పట్టిక మళ్ళీ తీసి చూడండి. రెండు దశల్లోనూ సగటు మార్పు సున్నాకు దగ్గరలోనే ఉండి, తేడా అంతా విస్తృతిలో ఉంటుందని నా అనుమానం. ధర ఎగిసినచోట మీ గీత ఒకటికి చేరిందని సంతోషించారు. ధర విరిగి పడ్డచోట కూడా చేరిందేమో చూశారా? 2021 నవంబరు వానలకు తిరుపతి వీధులు ఏరులైనప్పుడు మన ప్రాంతంలో టమాటా కిలో నూరు రూపాయలు దాటింది. 2023 జూలైలో మళ్ళీ దాటింది, రెండు నెలలు తిరగకుండానే కుప్పకూలింది. ఎక్కడమూ కూలడమూ రెండూ మీ మోడల్ దృష్టిలో ఒకే దశ. మండీలో మాత్రం ‘రేటు ఎక్కింది’ వేరు, ‘రేటు విరిగింది’ వేరు. మొదటిదానికి రైతు నవ్వుతాడు, రెండోదానికి రైతు కనిపించడు. కాబట్టి దానికి ‘కుదుపు దశ’ అని పేరు మార్చండి. పేరు సరిగ్గా లేకపోతే మీరు ఇచ్చే జవాబు నిజమే అయినా నాన్నగారికి అబద్ధంగా వినిపిస్తుంది.

ఇక అసలు సంగతి. ఇవాళ ఏ దశలో ఉన్నామని ఆయన అడిగారు. మీ గ్రాఫు ఎందుకు చెప్పలేకపోయింది?

వాన విషయంలో అయితే ఈ చిక్కు లేదు. గాబ్రియెల్, న్యూమన్ అనే ఇద్దరు 1962లో టెల్ అవీవ్ వానాకాలపు రోజులను లెక్కగట్టి, వాన పడిన రోజు మర్నాడు మళ్ళీ వాన పడే సంభావ్యత 0.662, పడని రోజు మర్నాడు పడే సంభావ్యత 0.250 అని తేల్చారు. ఈ రెండు సంఖ్యలతోనే తడి రోజుల వరుసలు, పొడి రోజుల వరుసలు ఎంతెంత పొడవు ఉంటాయో చాలావరకు చెప్పగలిగారు. అక్కడ దశ కంటికి కనిపిస్తుంది, కిటికీ తెరిస్తే చాలు. మీ టమాటా దశ కనిపించదు. ఎవరూ చీటీ మీద రాసి గేటుకు అంటించరు. కనిపించేది వేలంలో పలికిన ధర ఒక్కటే, దాన్నిబట్టి దశను ఊహించాలి. ఒక్క రోజు ధర పది శాతం ఎగిరిందంటే దశ మారిందా, లేక సరుకు కొనడానికి మద్రాసు నుంచి రెండు లారీలు అదనంగా వచ్చాయా? ఆ ఒక్క రోజును చూసి చెప్పలేం.

కాగితం మీద వేసి చూపిస్తాను. సంఖ్యలు నావి, మీవి మీరు వేసుకోండి. నిమ్మళం దశలో ఉన్నవాళ్ళం రేపు కూడా అందులోనే ఉండే సంభావ్యత 0.97, కుదుపు దశలో ఉంటే రేపూ కుదుపే అయ్యే సంభావ్యత 0.90 అనుకుందాం. నిమ్మళంలో రోజువారీ మార్పుకు ప్రామాణిక విచలనం (విస్తృతికి వర్గమూలం) 4 శాతం, కుదుపులో 10 శాతం. ఈ రెండు వక్రాలనూ పక్కపక్కన గీస్తే, ధర తొమ్మిది, పది శాతం మధ్య ఎటు కదిలినా, అలాంటి కదలిక కుదుపు దశలో సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా వస్తుందని తెలుస్తుంది.

నిన్న రాత్రికి కుదుపు సంభావ్యత 5 శాతం ఉందనుకోండి. తెల్లవారేసరికి, ఇంకా వేలం మొదలు కాకుండానే, అది 0.05 × 0.90 + 0.95 × 0.03, అంటే 7 శాతం చిల్లర. వేలంలో ధర అంత ఎగిరింది. నాలుగు రెట్ల బరువు వేసి మళ్ళీ లెక్కిస్తే 24 శాతం. మర్నాడు మళ్ళీ అంతే కదిలితే 56. మూడో రోజూ కదిలితే 81. వరుసగా మూడు రోజులు మార్కెట్ ఊగిపోతే గానీ మోడల్ “అవును, దశ మారినట్టుంది” అని గట్టిగా అనదు. దీన్నే ఫిల్టర్డ్ సంభావ్యత అంటారని మీకు తెలుసు. ఏ రోజు సంభావ్యతకు ఆ రోజు వరకు తెలిసిన ధరలే ఆధారం.

ఇప్పుడు మూడో రోజు సాయంత్రం కూర్చుని, మొదటి రోజును వెనక్కి తిరిగి చూడండి. తరువాతి రెండు రోజులు ఏమైందో ఇప్పుడు తెలుసు కాబట్టి, మొదటి రోజు కుదుపు సంభావ్యత 24 కాదు, 74 శాతం అవుతుంది. నేను కూర్చుని వేసిన లెక్క ఇది, మీరూ వేయండి. ఇదే స్మూత్‌డ్ సంభావ్యత. అదే రోజు, అదే ధర, ఆ సాయంత్రం 24, రెండు రోజుల తరువాత 74. మీ సాఫ్ట్‌వేర్ అడగకుండానే గీసి ఇచ్చిన ముచ్చటైన గ్రాఫు ఈ రెండో రకందని దాదాపు పందెం కట్టగలను. అది ప్రతి రోజునూ ఆరేళ్ళ చివరి పేజీ చదివి వచ్చి చూస్తుంది. అందుకే అంత నిటారుగా, అంత ధీమాగా ఉంటుంది. ‘జరిగింది నాకూ తెలుసు’ అని మీ నాన్నగారు ఒక్క చూపులో పట్టుకున్నది దీన్నే. స్టాటిస్టిక్స్ చదవకపోయినా, చదివి మరచిపోయిన మా బోటివాళ్ళ కంటే ఆయన నయం. స్మూత్‌డ్ గ్రాఫు చూపించి ‘మోడల్ మార్పును ముందే పసిగట్టింది’ అని రాసిన ప్రాజెక్టు నివేదికలు నేను దిద్దినవాటిలో తక్కువేమీ లేవు.

కాబట్టి రెండు గీతలనూ ఒకే కాగితం మీద, స్మూత్‌డ్ పైన, ఫిల్టర్డ్ కింద వేయండి. ఫిల్టర్డ్ గీత తడబడుతుంది, పైకి వెళ్ళి వెనక్కి వస్తుంది, కొన్నిసార్లు ఉత్తుత్తి కేక వేస్తుంది. ప్రతి కుదుపు దశకూ పై గీత సగం దాటిన రోజుకూ కింది గీత సగం దాటిన రోజుకూ మధ్య ఎన్ని వేలం రోజులు గడిచాయో లెక్కపెట్టండి. ఆ ఆలస్యమే మీ ప్రాజెక్టులో అసలైన ఫలితం అవుతుందని నా ఉద్దేశం. ‘నాన్నా, దశ మారితే నాకు సుమారు మూడు రోజులకు తెలుస్తుంది, పదిసార్లలో ఇన్నిసార్లు పొరబడతాను’ అని మీరు అనగలిగితే, ఆయన దానితో వ్యాపారం చేయగలరు.

ఆలస్యం మీ చేతగానితనం కాదు. ఈ పద్ధతికి అర్థశాస్త్రంలో పేరు తెచ్చిన జేమ్స్ హామిల్టన్ 1989లో అమెరికా జాతీయోత్పత్తి లెక్కలు తీసుకున్నారు. 1951 నుంచి 1984 దాకా, మూడేసి నెలలకు ఒక సంఖ్య. మాంద్యం ఎప్పుడు వచ్చిందో మోడల్‌కు చెప్పలేదు. పెరుగుదల దశలో మరో మూడు నెలలు కొనసాగే సంభావ్యత 0.905, తగ్గుదల దశలో 0.755 అని వచ్చింది. ఒకటిలోంచి ఆ సంఖ్య తీసేసి, మిగిలినదానితో ఒకటిని భాగిస్తే సగటు నిడివి వస్తుంది. మొదటిది పదిన్నర త్రైమాసికాలు, రెండోది నాలుగు. వెనక్కి చూసి మోడల్ గుర్తించిన మాంద్యాలు, ఆర్థికవేత్తల కమిటీ అంతకు ముందే తేల్చి పెట్టిన తేదీలకు చాలా దగ్గరగా వచ్చాయి. మరి ఆ కమిటీ వేగం ఎంత? 2007 డిసెంబరులో మాంద్యం మొదలైందని వాళ్ళు ప్రకటించింది 2008 డిసెంబరు 1న. అప్పటికి లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలి రెండున్నర నెలలు. మీ మూడు రోజులకు సిగ్గుపడనక్కరలేదు.

ఆయన అసలు మనసులో ఉన్నది ‘రేపు’ అనే మాట కూడా కావచ్చు. నా సంఖ్యలతోనే చెబుతాను. ఇవాళ కుదుపు 81 శాతం అయితే రేపటికి 73, ఏడో వేలానికి 45, ముప్పయ్యో వేలానికి 24. ఆరేళ్ళ మొత్తం మీద కుదుపు దశ వాటా 23 శాతం అని ఇదే లెక్క చెబుతుంది. అంటే నెల దాటాక మోడల్‌కు ఇవాళ్టి సంగతి దాదాపు గుర్తుండదు, ఏ రోజున అడిగినా అదే జవాబు. పంట పెట్టాలా వద్దా అని అడిగేవారికి ఇది పనికిరాదు. నాలుగు రోజుల సరుకు ఎవరికి ఎంత ధరకు మాట ఇవ్వాలి అని ఆలోచించేవారికి పనికొస్తుంది. ఈ సరిహద్దు మీ నివేదికలో రాయండి, దాచకండి.

‘దశ’ అనే మాట గురించి ఒక పక్క మాట. ఈ దశకు ఇంగ్లీషులో వాడే ‘రెజీమ్’ను ‘పాలన’ అని తెనిగించిన వ్యాసం ఒకటి చదివి నవ్వుకున్నాను, టమాటా మీద ఎవరి పాలనా లేదు. ‘దశ’ మంచి మాట, ‘వాడి దశ తిరిగింది’ అని మనం అంటూనే ఉంటాం. కానీ జాతకంలో దశకు గడువు ఉంది. శని మహర్దశ అంటే 19 ఏళ్ళు, శుక్ర మహర్దశ అంటే 20. ఎన్నేళ్ళు గడిచిందో తెలిస్తే ఎన్నేళ్ళు మిగిలిందో తెలుస్తుంది. మార్కోవ్ దశకు వయసు లేదు. రెండు రోజుల క్రితం మొదలైన కుదుపైనా, రెండు నెలలుగా సాగుతున్నదైనా, రేపు ముగిసే సంభావ్యత అదే పదో వంతు.

టమాటా విషయంలో ఇది నిజమా? నాకు నమ్మకం లేదు. ధర ఎక్కగానే ఏం జరుగుతుందో మీ ఇంట్లో మీకంటే చిన్నవారికి కూడా తెలిసి ఉంటుంది. నర్సరీలో నారు దొరకదు. అందరూ ఒకేసారి నాటుతారు. నాటిన రెండు నెలలు, రెండున్నర నెలలకు కోతలు మొదలై, ఆ సరుకంతా ఒకేసారి గేటు ముందు వరుస కడుతుంది. ఎక్కువ ధరే తన ముగింపును తానే నాటుకుంటుంది. అంటే మన దశ జాతకపు దశ అంత కచ్చితమైనదీ కాదు, మార్కోవ్ దశ అంత మతిమరుపుదీ కాదు. దీనికి రెండు దారులు ఉన్నాయి. నిడివికి మీరే ఒక పంపిణీ ఇచ్చే సెమీ మార్కోవ్ మోడల్ ఒకటి, అది మీ ఆరేళ్ళ దత్తాంశానికి బరువెక్కువ. పెద్ద కుదుపులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉంటే నిడివి పంపిణీని దేనితో అంచనా వేస్తారు? రెండో దారి నాకు ఇష్టమైనది. దశ మారే సంభావ్యతను స్థిరంగా ఉంచకుండా, దాన్ని ఇంకో సంఖ్యకు ముడిపెట్టడం. ఆండ్రూ ఫిలార్డో 1994లో వ్యాపార చక్రాలకు చేసింది ఇలాంటిదే. మీకు ఆ సంఖ్య ఏది? మార్కెట్‌కు వచ్చిన సరుకు చిట్టాలోనే ఉంటుంది, క్రేట్ల లెక్కతో. ఇంకా మంచిది, డెబ్భై రోజుల కిందట మీ చుట్టుపక్కల నర్సరీల్లో నారు ఎంత పోయింది అన్నది. ఆ లెక్క ఏ వెబ్‌సైటులోనూ దొరకదు. నాన్నగారి స్నేహితుల్లో నారు అమ్మేవారు ఒక్కరైనా ఉండరా? టీ తాగించి అడగండి.

ఇప్పుడు గైడుగారి ప్రశ్న, త్వరగా. సెలవు రోజులు తీసేశాక రెండు దశలు, మూడు దశలు పోల్చండి, నాలుగు వద్దు. పోల్చడానికి బీఐసీ చాలు, అది లైక్లీహుడ్‌ను చూస్తూనే పరామితులు పెరిగినకొద్దీ జరిమానా వేసే కొలమానం, తక్కువ వచ్చిన మోడల్ మెరుగు. కై వర్గ పట్టిక తీసి, రెండు మోడళ్ళ లైక్లీహుడ్‌లను పోల్చే లైక్లీహుడ్ నిష్పత్తి పరీక్ష చేయకండి. నిజంగా ఒకే దశ ఉంటే, రెండో దశలోకి మారే సంభావ్యత అన్న మాటకే అర్థం ఉండదు, అర్థం లేని పరామితిని అంచనా వేస్తున్నప్పుడు ఆ పట్టిక వర్తించదు. వైవాలో ఇది తప్పకుండా అడుగుతారు. ప్రతి మోడల్‌నూ కనీసం ఇరవై వేర్వేరు ఆరంభ విలువలతో నడపండి, ఈ పద్ధతి దగ్గర్లోని గుట్ట ఎక్కి అదే తిరుమల కొండ అనుకుంటుంది. మూడో దశ వస్తే, ఆ దశలో పడిన తేదీల జాబితా అచ్చు తీసి, ఏమీ చెప్పకుండా నాన్నగారి ముందు పెట్టండి. “ఇవన్నీ విరిగిన రోజులు కదా” అని ఆయన అంటే ఉంచండి. తల గోక్కుంటే తీసేయండి. బీఐసీ రెండూ ఒకటే అన్నంత దగ్గరగా ఉంటే నేను రెండు దశలతోనే ఆగుతాను.

చివరి ఏడాదిని మోడల్‌కు చూపకుండా పక్కన పెట్టండి. మిగతా ఐదేళ్ళతో అమర్చి, ఆ ఏడాదిని ఒక్కో వేలం చొప్పున, మర్నాటిది చూడకుండా నడపండి. దీనితోపాటు మీ నాన్నగారిని కూడా పందెంలోకి దింపండి, ఇది నాకు బాగా ఆసక్తిగా ఉంది. రెండు నెలలపాటు రోజూ సాయంత్రం ఆయన ఒక నోటు పుస్తకంలో ఒకే సంఖ్య రాయాలి: రేపటి ధర ఇవాళ్టి కంటే ఎటైనా పది శాతం మించి కదిలే అవకాశం ఎంత? దశ కంటికి కనిపించదు గానీ ఇది కనిపిస్తుంది, తగవు ఉండదు. మోడల్ కూడా అదే రోజు అదే ప్రశ్నకు సంఖ్య రాయాలి. గ్లెన్ బ్రయర్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త 1950లో ఇచ్చిన మార్కుల పద్ధతి ఉంది. జరిగితే 1, జరగకపోతే 0. చెప్పిన సంభావ్యతకూ దానికీ తేడా తీసి వర్గం చేయాలి, తక్కువ వచ్చినవారు గెలిచినట్టు. ఆయన 80 శాతం అని రాసి ధర కదిలితే 0.04 మాత్రమే పడుతుంది, కదలకపోతే 0.64 పడుతుంది. ఎప్పుడూ 50 అని రాసేవారికి రోజూ 0.25. అలా తప్పించుకోవద్దని ముందే చెప్పండి, మండీలో కూర్చున్నవారికి ఆ తెలివి వెంటనే వస్తుంది.

ఆయన మార్కులు మీ మోడల్ కంటే తక్కువ వస్తే కంగారు పడకండి, ఆయన ఏం చూసి ఆ సంఖ్య రాశారో అడిగి ఆ వివరాన్ని కూడా చిట్టా పక్కన రాసి పెట్టుకోండి. మోడల్ గెలిస్తే నాకు ఒక ఉత్తరం రాయండి. పందెం ముగిసేదాకా మాత్రం మీ సంఖ్య ఆయనకు, ఆయన సంఖ్య మీకు కనిపించకూడదు. ఆ నోటు పుస్తకాన్ని అమ్మ దగ్గర ఉంచండి.